పసుపు మీద పూత

చేపల తొట్టికి చెక్క స్టాండు చేయించుకునే ప్రతివాడూ నన్ను ఒకటే మాట అడుగుతాడు. "లోపల ఎవలు సూస్తరన్నా?" అని. బయట మాత్రం ముఖం కనబడేంత పాలిష్ కావాలి. తలుపులకు ఇత్తడి పిడులు కావాలి. లోపలంటారా, ఎవరూ చూడరు కాబట్టి వదిలేయమంటాడు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండిపోతుంది. తొట్టిలో నీళ్లు మార్చేటప్పుడు పైపు నుంచి కారేది లోపలికే. ఫిల్టరు మూత సరిగా పడక చెమర్చేదీ లోపలే. రెండు తలుపులూ మూస్తే ఆ తడి ఆరే దారి ఉండదు. స్టాండు పాడవడమంటూ మొదలైతే లోపలి నుంచే మొదలవుతుంది. ఇదంతా విడమరిచి చెప్తే "గట్లనా" అని తలూపి, మళ్లీ పాలిష్ రంగు గురించే అడుగుతాడు.

నా కోపంలో సగం వాళ్ల మీద కాదు, నా మీదే. లోపలి పని సరిగా చేయని ఒక్క స్టాండు వల్ల మా అవ్వ నా పనికి చెయ్యి తగిలించడం మానేసింది. మా దగ్గర అమ్మను అవ్వ, నాన్నను బాపు అంటాం. ఈ సంగతి చెప్పుకొని తేలికవుదామని రాయడం లేదు. చెప్పాల్సిన చోట చెప్పే ధైర్యం లేక ఇక్కడ చెప్తున్నాను, అంతే.

మాది బోధన్ వైపు పల్లె. మా బాపు చెరుకు తోలే ఎడ్లబండ్లు చేసేవాడు. మాట తక్కువ మనిషి, కానీ పని చెడగొడితే మాత్రం వాకిలి దాటి వినబడేలా తిట్టేవాడు. బండికి ఎక్కడ బెజ్జం వేసినా, ఒక గుడ్డ పేలికను ఆముదంలో ముంచి ఆ బెజ్జంలో దూర్చి, ఇటు నుంచి అటు రెండుసార్లు లాగేవాడు. ఆ తర్వాతే అందులోకి సీల దిగేది. "కోసిన కాడ సెక్క నోరు తెరుసుకొని ఉంటదిరా. ఆడ వదిలిపెడితే మిగిలినదానికి ఎంత పూసినా దండుగే" అనేవాడు. ఆ ఆముదం పేలిక పట్టుకొని నిలబడడం చిన్నప్పుడు నా పని. వాసనకు ముఖం పక్కకు తిప్పుకునేవాణ్ణి.

అవ్వ పని వేరు. బండి తయారై వాకిట్లోంచి కదిలే ముందు ఆమె స్నానం చేసి వచ్చి, తడి పసుపును బొటనవేలితో నాలుగు మూలలా అద్ది, దాని మీద కుంకుమ పెట్టేది. ఎడ్లు కట్టుకొని వచ్చిన రైతు ఎంత తొందరపడినా అవ్వ వచ్చేదాకా ఆగాల్సిందే. బాపు కూడా ఆ ఒక్క విషయంలో ఎదురు మాట్లాడేవాడు కాదు.

బండ్లు పోయి ట్రాక్టర్లు వచ్చాయి. కొన్నాళ్లకు బాపూ పోయాడు. పదకొండో రోజు తర్వాత నేను చేసిన మొదటి మంచం బయటికి పోయేటప్పుడు, ఇక అవ్వ బొట్టు పెట్టకూడదని చుట్టాలు గుసగుసలాడారు. మొగుడు పోయిన ఆడదాని చెయ్యి మంచిది కాదట. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నలుగురూ చూస్తుండగా అవ్వను చెయ్యి పట్టుకొని తీసుకొచ్చి, "ఈమె పెడితేనే నా మంచం కదుల్తది, లేకుంటె గీడనే ఉంటది" అన్నాను. అవ్వ నాలుగు మూలలా పెట్టింది. ఆ రోజు నేను చాలా గొప్పవాణ్ణని అనుకున్నాను. ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే సంతోషం వేయాలి. వేయదు.

తర్వాత నిజామాబాద్ వచ్చి అద్దె మడిగెలో వడ్రంగి దుకాణం పెట్టుకున్నాను. అవ్వ నా దగ్గరే ఉంది. షోకేసైనా, మంచమైనా, దేవుడి మందిరమైనా మడిగె దాటే ముందు ఆమె వచ్చి పెట్టేది. గోడ మేకుకు ఒక గుడ్డ సంచి, అందులో పసుపు, కుంకుమలకు రెండు అరల స్టీలు డబ్బా. చుట్టాలు వద్దన్న ఆ చెయ్యినే ఊరు అడిగి పెట్టించుకుంది. ధర్పల్లి నుంచి బీరువా కోసం బండి తెచ్చుకున్న ఒకాయన, అవ్వకు జ్వరమని తెలిసి ఖాళీ బండితో తిరిగిపోయి మూడో రోజు మళ్లీ వచ్చాడు. పక్క మడిగెలో ప్లైవుడ్ అమ్మే సేటు సాయిబు. కొడుకు పెళ్లికి మంచం చేయించుకున్నప్పుడు, "అమ్మా, మీ చెయ్యి జర పెట్టుండ్రి. దువా, దీవెన అనుకోండ్రి" అని తనే అడిగాడు. అవ్వ కొంగు సర్దుకొని ఎంత మురిసిందో. ఆ చెయ్యి తప్ప ఆమెకు వేరే ఆస్తి ఏముంది?

నా తమ్ముడు ఒక ప్రైవేటు బళ్లో లెక్కల సారు. బోధన్ రోడ్డు మీద ఇల్లు కట్టాడు. వాస్తు చూసిన మనిషి హాలులో ఈశాన్యం మూల నీళ్లుంటే మంచిదన్నాడు. ఇక మావాడికి నాలుగడుగుల చేపల తొట్టి తప్ప ఇంకేదీ కళ్లకు ఆనలేదు. "అన్నా, బయటోళ్లకు చేసినట్టు కాదు, మన ఇంటికి చేస్తున్నవ్. మంచిగ చెయ్యి" అన్నాడు. బయటివాళ్లకు నేను చెడగొట్టి ఇస్తున్నట్టు. అయినా తమ్ముడు కదా అని ఊరుకున్నాను.

టేకు చట్రం, ప్లైవుడ్ పలకలు. నాలుగు మూలలా నాలుగు కాళ్లు. నిండిన తొట్టి బరువుకు పైపలక నడుమ కుంగకుండా మధ్యలో ఐదో కాలు. ఆ నడిమి కాలు స్టాండు అడుగు పలక మీద కూర్చుంటుంది. ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి. నేను మరిచిపోయాను.

గృహప్రవేశానికి రెండు రోజులుందనగా బయట పాలిష్ అయిపోయింది. లోపలి పూత ఇంకా పూయలేదు. మామూలుగా పని మొత్తం అయ్యాకే అవ్వ పెట్టేది. కానీ ఆమె ఆ సాయంత్రమే తమ్ముడి ఇంటికి పోవాలి, అరిసెల పిండి పని ఉంది. అందుకని డబ్బా పట్టుకొని ముందే వచ్చింది. బొటనవేలు పాలిష్ దగ్గరికి పోతుంటే నేనే ఆపాను.

"పాలిష్ మీద మరక పడ్తదే అవ్వా. లోపల పెట్టు" అన్నాను.

"లోపలైతే ఏమాయె" అని, నొప్పి మోకాళ్లతో కింద కూర్చొని, తలుపుల్లోంచి తల దూర్చి, పచ్చి చెక్క మీద నాలుగు మూలలా పసుపు అద్ది కుంకుమ పెట్టింది. లేవడానికి నేనే చెయ్యందించాను.

ఆమె పోయాక లోపలి పనికి కూర్చున్నాను. నీళ్లు చెక్కలోకి ఇంకకుండా ఆగాలంటే ఒక డబ్బాలోని రెసిన్‌ను, ఇంకో డబ్బాలోని గట్టిపరిచే ద్రవాన్ని కలిపి పూయాలి, దాన్నే మందంటాం. కలిపిన కాసేపటికే గట్టిపడడం మొదలవుతుంది కాబట్టి చెయ్యి ఆగకూడదు. పూసే ముందు చెక్కను గరుకు కాగితంతో రుద్ది, దుమ్ము తుడిచి, తడి గాని నూనె గాని పొడి గాని లేకుండా చూసుకోవాలి. ఏది అడ్డమున్నా పూత చెక్కను పట్టదు, పైపైన పొరలా నిలుస్తుంది. ఇదంతా నాకు నిద్రలో లేపి అడిగినా తెలుసు. పలకలన్నీ రుద్దాను. అతుకులకు సిలికాన్ పట్టించాను. మూలల దగ్గరికి వచ్చేసరికి నాలుగు పసుపు ముద్రలు, వాటి మీద నాలుగు బొట్లు.

బొట్టు తుడవడమంటే మా ఇళ్లలో ఏమిటో అందరికీ తెలుసు. బాపు పోయిన రోజు అవ్వ నుదుటి మీద తుడిచిన చేతులను నేను కళ్లారా చూశాను. తమ్ముడి గృహప్రవేశానికి అవ్వ పెట్టిన బొట్టును నా చేతులతో గరుకు కాగితం పెట్టి గీకాలా? చెయ్యి రాలేదు. పసుపు మీదే పూసేశాను. రెండు పూతలు. ఆరాక పసుపు లోపల నుంచి కనిపించి చూడటానికి ముచ్చటగానే ఉంది.

గృహప్రవేశం రోజు పొద్దున్నే స్టాండును ఈశాన్యంలో పెట్టి, తొట్టిని పైకెత్తి, నీళ్లు నింపాం. అప్పుడు తమ్ముడు వైర్లు, పైపు తలుపుల్లోంచి బయటికి వస్తే అసహ్యంగా ఉంటుందన్నాడు. అడుగు పలకకు వెనక బెజ్జం వేసి అందులోంచి దించమన్నాడు. హోమం పొగ, వచ్చేవాళ్లు పోయేవాళ్లు, పిల్లల గోల. నేను నేల మీద పడుకొని చెయ్యి లోపలికి చాపి, వెనకదాకా అందక నడిమి కాలు పక్కనే డ్రిల్లుతో పెద్ద బెజ్జం కొట్టాను. పొట్టు ఊడ్చాను. "రేపొచ్చి గీ బెజ్జం అంచుకు మందు పూస్త" అన్నాను. తమ్ముడు వినలేదు, పంతులు పిలుస్తున్నాడు. నేను పోయి భోజనాల పంక్తిలో కూర్చున్నాను. ఆ రేపు ఎప్పుడు వచ్చిందో, ఎప్పుడు పోయిందో.

కొన్ని నెలల తర్వాత, వానలు పడుతున్న రోజుల్లో, ఒక ఆదివారం పొద్దున తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నా, జల్ది రా" అని పెట్టేశాడు. పోయేసరికి హాలంతా నీళ్లు. తొట్టి అడుగు అద్దం సరిగ్గా నడుమ నిలువునా చీలింది. స్టాండు పైపలక మధ్యలో కిందికి వంగి ఉంది. చేపలను ఎవరో స్టీలు బకెట్లో వేశారు, కొన్ని కదులుతున్నాయి, కొన్ని కదలడం లేదు. అవ్వ రెండు రోజుల ముందే అక్కడికి పోయి ఉంది. మరదలి తల్లిదండ్రులు కూడా ఆ రోజే వచ్చారు, సోఫాలో కాళ్లు పైకి పెట్టుకొని కూర్చున్నారు.

"మన ఇంటికే గిట్ల చేసినవ్ అన్నా" అన్నాడు తమ్ముడు. అరవలేదు. అరిస్తే బాగుండేది.

మరదలు మాత్రం సూటిగా అడిగింది. "అసలు లోపల మందు పూసిండ్రా లేదా బావా?"

ఆ ఒక్క మాట నన్ను కాల్చేసింది. ఊళ్లో అందరికీ లోపలి పని గురించి పాఠాలు చెప్పేది నేను. నన్నే అడుగుతుందా? తలుపులు లాగి లోపలికి చూశాను. కుడి మూలన పూత లేచి ఉంది. గోరు పెట్టి లాగితే అరచేయంత పొర ఊడి చేతికి వచ్చింది. తిప్పి చూశాను. వెనక పచ్చగా పసుపు, నడుమ ఎర్రటి బొట్టు.

ఒక్క క్షణం ఆగి ఉంటే బాగుండేది. అద్దం పగిలింది నడుమ. పలక వంగింది నడుమ. నేను చూసింది మూల. పనివాడు అన్నవాడు నడుమ ఏమైందో వంగి చూస్తాడు. నేను చూడలేదు. నాకు చేతికి దొరికింది చాలు.

"మందు పూసిన. రెండు సార్లు పూసిన. దాని కింద గిది ఉంటే ఏ మందు నిలుస్తది?" అని ఆ పొరను అందరికీ చూపించాను. తర్వాత అవ్వ వైపు తిరిగాను. "నీ పసుపేనే అవ్వా. నీ చెయ్యే ముంచింది" అన్నాను.

లోపల పెట్టమన్నది నేనే అని అనలేదు. తుడవకుండా పూసింది నేనే అని కూడా అనలేదు. పైగా ఆ మాట అక్కడ కూర్చున్నవాళ్లకు ఎట్లా వినబడుతుందో నాకు బాగా తెలుసు. తెలిసే అన్నాను. మరదలి తల్లి మొగుడి చెవిలో, మాకందరికీ వినబడేలా, "నేను అప్పుడే అనుకున్న" అంది. ఏం అనుకుందో వేరే చెప్పనక్కర్లేదు. ఒకప్పుడు మా చుట్టాల నోళ్లు నేనే మూయించాను. ఆ రోజు నేనే తెరిచాను.

అవ్వ తన కుడి చేతిని ఒకసారి చూసుకొని కొంగుకు తుడుచుకుంది. తర్వాత పాత గుడ్డ ఒకటి తెచ్చి, నేల మీద కూర్చొని నీళ్లు తుడవడం మొదలుపెట్టింది. స్టాండు కిందికి చెయ్యి పోనిచ్చి చాలాసేపు తుడిచింది. ముఖం దాచుకుంటోందని అనుకున్నాను. నేను చెప్పులేసుకొని బయటపడ్డాను.

తర్వాతి వారం ఒక మంచం తయారైంది. అవ్వను పిలిచాను. "మోకాళ్లు గుంజుతున్నయ్, నువ్వే పెట్టుకో" అంది. దాని తర్వాత దేవుడి మందిరం. "తలకు నీళ్లు పోస్కోలె" అంది. మూడోసారి పిలిస్తే ఊరికే వద్దని తలూపింది. అప్పుడు అర్థమైంది నాకు. గిరాకీలు "అవ్వ రాలేదా?" అని అడిగితే ఒంట్లో బాగాలేదని చెప్పేవాణ్ణి. పక్క మడిగె సేటు రెండుసార్లు అడిగి, నా ముఖం చూసి మానేశాడు.

"పోయి కాళ్ల మీద పడు. పెద్దమనిషి, ఎంత బాధ పడ్తుందో" అంది నా భార్య.

"ఉన్న మాట అన్న. ఉన్న మాటకు కాళ్ల మీద పడ్తరా?" అన్నాను. ఆ పొగరుతోనే ఆరు నెలలు గడిపాను. ఆమె వండితే తిన్నాను, ఆమె పక్కనే కూర్చొని టీవీ చూశాను, పసుపు ఊసు మాత్రం ఇద్దరం ఎత్తలేదు.

తమ్ముడు ఆ స్టాండును ట్రాలీ ఆటోలో తిప్పి పంపించాడు. మాట లేదు, ఫోన్ లేదు. మడిగె వెనక రేకుల కింద పడేశాను. ఎండాకాలం వచ్చాక జక్రాన్‌పల్లి గిరాకీ ఒకాయన చిన్న పీట అడిగితే, టేకు ముక్కల కోసం దాన్ని విప్పాను. కాళ్లు ఊడదీసి, అడుగు పలకను వెలుతురులోకి తెచ్చి తిప్పాను.

బెజ్జం చుట్టూ పలక ఉబ్బి, పొరలు పొరలుగా విడిపోయి, వేలితో నొక్కితే పిండిలా రాలింది. పైపు వెంట కారిన నీళ్లు అదే బెజ్జం దగ్గరికి వచ్చి, పూత లేని అంచులోంచి లోపలికి దిగాయి. నల్లటి తడి మరక అక్కడ మొదలై నడిమి కాలు కిందికి పాకింది. కాలు కూర్చున్న చోటు మెత్తబడి కుంగింది. కాలు కుంగితే పైపలక కుంగింది, పైపలక కుంగితే అద్దం చీలింది. మూలల దగ్గరికి మరక రానే లేదు, ఇంకా జానెడు దూరంలోనే ఆగిపోయింది. పసుపు మీది పూత ఊడిన మాట నిజమే, కానీ దాని కింద చెక్క ఎండిపోయి, కోసిన రోజు ఎట్లా ఉందో అట్లాగే ఉంది. అవ్వ పసుపు పెట్టిన చోట ఒక్క చుక్క నీరు కూడా లోపలికి దిగలేదు.

ఆముదం పేలిక గుర్తుకొచ్చింది. బాపు ఉండి ఉంటే ఆ పలక తీసుకొని నా నెత్తి మీద కొట్టేవాడు.

పలకను సైకిల్ వెనక కట్టుకొని మధ్యాహ్నమే ఇంటికి పోయాను. అవ్వ వాకిట్లో చింతపండు గింజలు తీస్తోంది. పలకను ఆమె ముందు పెట్టి, "అవ్వా, నీ పసుపుతోని కాలే. నా బెజ్జంతోని పోయింది" అన్నాను. ఏడుపొచ్చింది, దాచడమెందుకు.

అవ్వ పలక వైపు చూడలేదు. "ఎరుకే" అంది.

"ఏం ఎరుక?"

"ఆ దినమే ఎరుక. నీళ్లు తుడుసుకుంట కిందికి చెయ్యి పెట్టిన. నడుమ మెత్తగ తగిలింది. బెజ్జం అంచు గరుకుగ తగిలింది. నలభై ఏండ్లు మీ బాపు పక్కన ఉన్న, ఆ మాత్రం తెల్వదా నాకు?"

"మరి ఎందుకు చెప్పలేదే?"

"ఎట్ల చెప్పాలె? నీ పని తప్పని అందరి ముంగట అంటే రేపటి నుంచి నీకు గిరాకొస్తదా? నా చెయ్యికి గిరాకొచ్చేదుందా, పోయేదుందా. అంటే అననియ్ అనుకున్న." గింజ తీసి పక్కన వేసింది. "కడుపుల పెట్టుకున్న. గంతే."

ఎప్పుడో ఒకనాడు ఆమెను చెయ్యి పట్టుకొని మంచం దగ్గరికి తెచ్చి గొప్పవాణ్ణనుకున్నాను కదా. ఆమె అంత కన్నా పెద్ద పని చేసి, ఆరు నెలలు నాకు చెప్పకుండా అన్నం వడ్డించింది.

"రేపు షోకేసు పోతది అవ్వా. వచ్చి పెట్టు" అన్నాను చివరికి.

అప్పుడు నా వైపు చూసింది. ఆ చూపులో జాలి లేదు. "అప్పుడు నీకు తెల్వక అన్నవ్. ఇప్పుడు తెలిసింది. వాళ్లందరి ముంగట అన్నవ్ గద, వాళ్లందరి ముంగట చెప్పు. తమ్ముడు, కోడలు, దాని అవ్వ, అందరు ఉన్నప్పుడు. నా చెయ్యి ముంచలే, నీ చెయ్యి ముంచిందని చెప్పు. అప్పుడొచ్చి పెడ్త."

"చెప్త" అన్నాను.

ఆ మాట అని ఏడాది దాటింది. తమ్ముడి ఇంటికి మూడుసార్లు పోయాను. ఒకసారి మరదలి తల్లి కూడా ఉంది. చాయ్ ఇచ్చారు, తాగాను. ఈశాన్యం మూలన ఇప్పుడు రెడీమేడ్ ఇనుప స్టాండు మీద కొత్త తొట్టి ఉంది, దాన్ని చూస్తూ కూర్చున్నాను. నోటిదాకా వచ్చింది. ఈ మాట బయటపడితే నిజామాబాద్‌లో నా పని ఏమవుతుందని లెక్కలు వేసుకున్నాను. నేను ఇంటికి తిరిగి వచ్చేసరికి వాకిట్లో అవ్వ నా ముఖం చూస్తుంది. అడగదు. లోపలికి పోతుంది.

ఇప్పుడు బెజ్జం వేస్తే చాలు, అక్కడికక్కడే అంచుకు పూత పూస్తున్నాను. ఒక్కటి కూడా వదలడం లేదు. గుడ్డ సంచి మేకుకే ఉంది. డబ్బాలో పసుపు గడ్డకట్టి, కుంకుమ రంగు దిగింది. నిన్న డిచ్‌పల్లికి ఒక బీరువా పోయింది. గిరాకీ, "అవ్వ పెట్టదా?" అని అడిగాడు. ఒంట్లో బాగాలేదని చెప్పాను.